మూడో కప్పు

తొంభై ఆరుమంది మూడు రకాల దోసకాయలు రుచి చూసి మార్కులు వేశారు. వాటిమీద చేసిన లెక్క కాగితం నా బల్లమీదికి వచ్చింది. మా పీపాల్లో ఉప్పునీళ్లలో ఆరువారాలు ఊరిన దోసకాయకి తొమ్మిదికి సగటున అయిదు. వెనిగర్‌లో ముంచి రెండురోజుల్లో తయారుచేసే కొత్త రకాలకి ఒకదానికి ఏడు, ఒకదానికి ఆరున్నర. తేడా గట్టిదేనని అనోవా లెక్క తేల్చింది. చివరి పేజీ చూసి సంతకం పెట్టాను.

విస్కాన్సిన్‌లో మా ఊరి దోసకాయల కంపెనీలో రుచి పరీక్షల గది నాది. ఇరవై ఆరేళ్లుగా నాదే. ఊరి బడిలో చదివినంత చదివాను. మిగతా లెక్కలు ఈ గదిలో నేర్చుకున్నాను. అనోవాలో మాయేమీ లేదు. రకానికీ రకానికీ మధ్య వచ్చిన తేడా ఒకవైపు పెడతాం. మనుషుల నాలుకలు తలో దారిన పోవడంవల్ల వచ్చే తేడా ఇంకోవైపు పెడతాం. మొదటిది రెండోదాన్ని బాగా మించితే రకాల్లో ఏదో ఉందని అర్థం. మించకపోతే ఏమీ చెప్పలేం. ఏమీ చెప్పలేం అనే మాట ఆఫీసుల్లో ఎవడికీ నచ్చదు.

మూడోరోజున వెర్నా వచ్చింది. చనిపోయిన నా భార్య ఆర్లిస్‌కి చెల్లెలు. పీపాల పెరటికి పెద్ద. వేళ్లు ఉప్పునీళ్లకి ముడతలుపడి ఉన్నాయి.

"పెరడు మూసేస్తున్నారు బావా. పదకొండుమందిమి. సెప్టెంబరు నుంచి రావద్దన్నారు. ఆ కొత్త మేనేజరు ట్రెవర్ నీ కాగితం తెచ్చి మా మొహాన పెట్టాడు."

"మార్కులు నావి కాదు. జనానివి."

"కింద సంతకం కూడా జనానిదేనా?"

కుర్చీ జరిపాను. ఆమె కూర్చోలేదు.

"మా పక్కింటి లోరెన్ తినడానికి వచ్చింది కదా. మూడో కప్పు దగ్గరికొచ్చేసరికి నోరు మొద్దుబారిపోయిందట. మూడోది మనదేనట."

"ఆమెకి పీపాది చివర పడి ఉంటుంది."

"ఆమె మొగుడికీ అలాగే పడింది. చర్చిలో ఇంకో అయిదుగురిని అడిగాను. అందరికీ అలాగే పడింది. మన దోసకాయ మన ఊళ్లోవాళ్లకి తెలీదా బావా?"

ఆమె వెళ్లాక మార్కుల కాగితాల పెట్టె తెరిచాను. కప్పుమీద పేరుండదు, మూడంకెల సంఖ్య ఉంటుంది. మూడు కప్పుల్ని ఆరు వరసల్లో పెట్టొచ్చు. ఒక్కో వరస పదహారుమందికి ఇవ్వాలి. ఎందుకంటే ఖాళీ నోటితో తిన్న మొదటి కప్పుకి ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువ పడుతుంది. ఈ పని చేసేవాడు మొదటివారంలో నేర్చుకునే సంగతి ఇది.

తొంభై ఆరు కాగితాలమీదా ఒకే వరస. 418, 752, 209. పీపాది 209.

లెక్క తప్పు కాదు. అది కొలిచింది దోసకాయనా, వరసనా అన్నది దానికి తెలీదు. తెలియాల్సింది నాకు.

కాగితాలు పట్టుకుని ట్రెవర్ గదికి వెళ్లాను. కంపెనీ కొత్తవాళ్ల చేతికి పోయాక వాళ్లు పంపిన మేనేజరు.

"ఈ వరస ఎవరు పెట్టారు?"

"నేనే. ఒక కాగితానికే నకళ్లు తీయించాను. ట్రేలు సర్దే అమ్మాయిలకి సులువు కదండీ."

"పీపాది తొంభై ఆరుసార్లూ చివరే."

"ఏదో ఒకటి చివర ఉండాలి కదా నార్బర్ట్ గారూ."

"నీకు ముందు రెండు ప్లేట్లు మెక్కబెట్టి, అప్పుడు మీ అమ్మ వండింది పెడితే దానికెన్ని మార్కులేస్తావు?"

"మా అమ్మ వండదండీ."

"మళ్లీ పరీక్ష పెడుతున్నాను."

"పెట్టుకోండి, మీ సరదా. మొదటిది కంపెనీ బోర్డుకి వెళ్లిపోయింది."

పెట్టాను. పొద్దున పది నుంచి పదకొండు మధ్య, ఆరు వరసలు, కప్పుకీ కప్పుకీ మధ్య ఉప్పులేని బిస్కట్టు, మంచినీళ్లు. వెర్నా ఒకసారి తలుపులోంచి తొంగిచూసింది. "ఫో ఇక్కణ్ణుంచి, నీ మొహం చూసి మార్కులేస్తారు" అని తరిమేశాను.

మూడింటికీ ఆరు చుట్టుపక్కలే వచ్చింది. తేడా ఉందని అనోవా చెప్పలేదు.

ఈసారి ప్రతి కాగితం చదివాను. పీపాదానికి ఆరు వేసినవాళ్లు తొంభై ఆరుమందిలో ఏడుగురే. మిగతావన్నీ తొమ్మిదులూ ఎనిమిదులూ, లేకపోతే రెండో మూడో. నెలనెలా మా సీసా కొనే నలభైమందిని విడదీశాను. వాళ్ల సగటు ఎనిమిది. కొననివాళ్లది అయిదుకి తక్కువ. రెండు గుంపుల్నీ వేరుచేసి మళ్లీ లెక్కకడితే తేడా రాయిలా నిలబడింది.

ట్రెవర్ మొదటి పేజీ చూశాడు. "తేడా లేదన్నమాట."

"లేదని చెప్పలేదు. రెండో పేజీ తిప్పు. మన సీసా కొనేవాళ్లు దీన్నే కొంటున్నారు."

"వాళ్లు ఎలాగూ కొంటారండీ, అలవాటు. మిగతావాళ్లు కావాలి మాకు. తేడా లేనప్పుడు చవకది చాలు కదా."

"తేడా ఉందంటే తీసేశావు. లేదంటే తీసేస్తున్నావు. మరి అంతమంది నోళ్లు ఎందుకు పాడుచేశావయ్యా?"

"బోర్డుకి ఒక కాగితం కావాలి. ఉంది. మీరే ఇచ్చారు."

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని బోర్డుకి ఉత్తరం రాశాను. రెండు పరీక్షల మార్కులూ జతచేశాను. పదిరోజులకి జవాబొచ్చింది. మీ శ్రద్ధకి ధన్యవాదాలు, నిర్ణయం జరిగిపోయింది, అని రెండు వాక్యాలు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం పెరట్లో పీపాలు వంచి పారబోశారు. ఊరిన వాసన రోడ్డుదాకా వచ్చింది. వెర్నా గేటు దగ్గర రబ్బరు బూట్లు విప్పుకుంటోంది.

"ఉత్తరం రాశాను వెర్నా."

"విన్నాను. ఎప్పుడు రాశావు? అంతా అయ్యాక. ఇరవై ఆరేళ్లు వరస చూశావు, ఆ ఒక్కరోజు చూడలేదా?"

"చూడలేదు."

"ఎందుకని?"

ఆర్లిస్ పోయినప్పటినుంచి ఏ కాగితమైనా చివరి పేజీయే చదువుతున్నాను. ఆ మాట వెర్నాతో అనలేదు. అక్కడ పనిపోయిన పదకొండుమందిలో ఇంట్లో ఎవరూ చావనివాళ్లు లేరు.

"ట్రెవర్‌ని తిట్టుకో బావా, నీకు బాగుంటుంది. నేను మాత్రం నిన్నే తిట్టుకుంటాను. వాడికి ఈ పని రాదు. నీకొచ్చు."

ఇంటిదాకా దింపుతానన్నాను. అక్కర్లేదంది. బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్లతోనే గతుకుల రోడ్డుమీద నడిచి వెళ్లిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ క్షమించను.