ఆపలేకపోయిన కాపలా

నేను ఒక జన్యువును. కంటికి కనిపించను కాబట్టి మర్యాద దక్కదు. పని మాత్రం పెద్దదే. కణం రెండుగా చీలే ముందు నా దగ్గర ఆగాలి. లోపలి క్రోమోజోము పోగులు తెగి ఉంటే "ఆగు" అంటాను. బాగుపడితే వదులుతాను, లేదంటే చచ్చిపొమ్మంటాను. మనుషుల తనిఖీ గేట్ల దగ్గర బేరాలుంటాయట, నా దగ్గర లేవు.

నన్ను పైడిరాజుకు ఇచ్చింది వాళ్లమ్మ. ఆవిడకు వాళ్ల నాన్న ఇచ్చాడు. పైడిరాజు విశాఖ దగ్గర పైపుల పనిలో వెల్డింగు అతుకులకు గామా కెమెరాతో ఫోటోలు తీస్తాడు. అతుకులో పగులుంటే పట్టేస్తాడు. అందుకే మా ఇద్దరిదీ ఒకటే వృత్తని మురిసిపోయేదాన్ని.

అక్కడివాళ్లకో అలవాటుంది. ఒంటిమీద ఎంత రేడియేషన్ పడిందో చెప్పే బ్యాడ్జిని చొక్కాకు పెట్టుకోరు, డబ్బాలో దాస్తారు. అది ఎక్కువ చూపిస్తే పనిలోంచి పక్కన పెడతారని భయం. బ్యాడ్జికి ఏ జబ్బూ రాకుండా ఇంత శ్రద్ధగా కాపాడేవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఒక మధ్యాహ్నం కెమెరాలోని రేడియేషన్ బిళ్ల అది బయటికొచ్చే గొట్టంలో ఇరుక్కుంది. పైడిరాజు రేడియేషన్ కొలిచే మీటరు కోసం ఆగకుండా గొట్టాన్ని చేత్తో పట్టుకుని విదిల్చాడు. నేనున్న తెల్ల రక్తకణం అప్పుడు అతని వేళ్లలోంచే పోతోంది. నా చుట్టూ పోగులు తెగిపడ్డాయి. చాలా భయం వేసింది.

పదో రోజుకు వేళ్లు బొబ్బలెక్కాయి. సూపర్‌వైజర్ దాలినాయుడు బ్యాడ్జి రిపోర్టు తెచ్చాడు.

"సున్నా సూపిత్తంది కదరా. ఏడి పైపేటైనా ముట్టుకున్నావేటి?"

పైడిరాజు వేళ్లకు గుడ్డ చుట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. మామూలు కాలిన గాయమని మందు రాస్తే చెయ్యే పోతుంది. అక్కడ అతని భార్య ఎర్నమ్మ ఊరుకోలేదు.

"ఆ బ్యాడ్జి డబ్బాలో ఎట్టీసి పన్లోకెల్తారు డాట్రమ్మా. ఆలందరూ అంతే. సిగ్గుపడి ఈయన సెప్పడు. ఈయన రగతం సూడండమ్మా."

రక్తం తీశారు. చీలుతున్న కణంలోనే పోగుల ఆకారం కనబడుతుందట, అందుకని పరీక్షశాలలో మమ్మల్ని చీలమని మందు పోశారు. నేను అలవాటుగా "ఆగు" అన్నాను. గంటలకొద్దీ ఆపాను. తెగిన పోగులు గొట్టం పట్టుకున్న రోజే ఒకదానికి బదులు మరొకదానికి అతుక్కుని ఉన్నాయి. బాగుపడ్డాయనుకుని మోసపోయాను. కణం నన్ను దాటిపోయింది. కంచే చేను మేసిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

డాక్టరమ్మ గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూసింది. వంకరగా అతుక్కున్న పోగుల్ని చూసి, ఇది వేడికి కాలిన చెయ్యి కాదని, రేడియేషన్ దెబ్బని కాగితం మీద రాసింది. ఆ రోజే వైద్యం మార్చారు.

నేనిప్పుడు ఆ గాజు పలక మీద ఎండిపోయి ఉన్నాను. నా పని నేను సరిగ్గా చేసి ఉంటే ఈ కణంలో ఆవిడకు ఏమీ కనిపించేది కాదు. అది తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. పైడిరాజుకు రెండు వేళ్లు పోయాయి. మిగిలిన మూడు వేళ్లతో అన్నం కలుపుకుంటున్నాడని నిన్న డాక్టరమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను.