వైపు ఎంచుకున్నవాడు

గ్రసియేత్ విసిరిన కుర్చీ జెండా బీరువాకి తగిలి కింద పడింది. అద్దం బీటలు వారింది గానీ పగల్లేదు. ఆమె మళ్లీ కుర్చీ అందుకుంది.

బయట వీధిలో శవవాహనం ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అందులో ఉన్నది ఆమె తండ్రి గౌదెన్సియో. సల్గోసా ఫుట్‌బాల్ క్లబ్ తరఫున ఆడినవాళ్లలో ఎవరు పోయినా వాహనం ఈ గుమ్మం ముందు ఆగుతుంది. ప్రెసిడెంటు నీలం జెండా తెచ్చి పెట్టె మీద కప్పుతాడు. ఆ తరవాతే శ్మశానానికి కదులుతుంది. జెండా లేకుండా వెళ్లిన ఆటగాడు ఇంతవరకు లేడు.

ఇవాళ బీరువా తాళంచెవి ప్రెసిడెంటు బెల్మీరో పిడికిట్లో ఉంది. ఆ పిడికిలి తెరుచుకోవడం లేదు.

"ఆటని అమ్ముకున్నవాడికి నేను జెండా కప్పను" అన్నాడాయన. కోపంగా కూడా కాదు, అలసటగా.

"మీరు చూశారా అమ్మడం?"

"అందరం చూశాం తల్లీ. గోలు వెనకే నించున్నాను నేను. నాకప్పుడు ఇరవయ్యేళ్లు."

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో జరిగిన ఆట అది. కొర్వేరా జట్టుతో, మా మైదానంలోనే. డ్రా చేసుకున్నా చాలు, పై డివిజన్‌కి వెళ్లిపోయేవాళ్లం. మొదటి సగంలో గోలు లేదు. రెండో సగంలో మా గోలీ గౌదెన్సియో రెండు గోల్స్ వదిలేశాడు. ఒకటి కార్నర్ నుంచి నేరుగా గాల్లో వంకర తిరిగి లోపలికొచ్చింది. రెండోది మైదానం సగం నుంచి కొట్టిన బంతి. ఆట ముందురోజు అతను కొర్వేరా సారాయి దుకాణంలో కూర్చుని ఉండగా చూశామని ఇద్దరు చెప్పారు. అంతే. క్లబ్ మళ్లీ ఎప్పుడూ ఆ మెట్టు దాకా పోలేదు. గౌదెన్సియో మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

దుకాణానికి వెళ్లింది అక్కడి అమ్మాయి కోసమని అతను తరవాత చెప్పాడు. ఆ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు కూడా. గ్రసియేత్ ఆమె కూతురే. అయినా ఎవరూ నమ్మలేదు. నేనూ సగమే నమ్మాను.

బళ్లో భూగోళం చెప్పి రిటైరయ్యాక క్లబ్ చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. రెండేళ్లుగా ముసలి ఆటగాళ్ల వెంట తిరుగుతున్నాను. అరవై తొమ్మిది మాట ఎత్తగానే అందరికీ పని గుర్తొస్తుంది. ఒకడు కాఫీ వదిలేసి లేచిపోయాడు. ఇంకొకడు నా ముఖమ్మీదే తలుపేశాడు. అందరూ ఏదో దాస్తున్నారనే అనిపించేది. ఎవరేం దాస్తున్నారో మాత్రం అంతుపట్టలేదు.

ఆ ఏడాది గురించి నాతో మెత్తగా మాట్లాడినవాడు ఎర్మీనియో కలాదో ఒక్కడే. అప్పటి కెప్టెన్. గౌదెన్సియోకి ప్రాణస్నేహితుడు, గ్రసియేత్‌కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి. ఊరంతా గౌదెన్సియోని వెలేసినా ప్రతి ఆదివారం చేపలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది ఆయనే. ఆ ఏడాదిని పుస్తకంలోంచి తీసెయ్యమని, పాత పుండు కదపొద్దని నన్ను చాలాసార్లు బతిమాలాడు. మంచి మనసు అనుకున్నాను.

ఇప్పుడూ ఆయన గ్రసియేత్ పక్కనే నిలబడి, టోపీ రెండు చేతులతో నలుపుతూ బెల్మీరోని బతిమాలుతున్నాడు.

"ఒరేయ్ బెల్మీరో, చచ్చినవాడి మీద పంతమేంట్రా. ఫాదర్ గారు అక్కడ ఎదురుచూస్తున్నారు. తాళం తియ్యి."

"పంతం కాదన్నా. అమ్మలేదని ఒక్క రుజువు చూపించు, నేనే మోసుకెళ్లి కప్పుతా."

గ్రసియేత్ నా వైపు తిరిగింది. రెండేళ్లు ఊరంతా తవ్వారు కదా మాస్టారూ, మా నాన్నకి పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదా అని అడిగింది.

నా సంచిలో ఒక ఫొటో ఉంది. ఆ రోజు ఫొటోలు మా క్లబ్ గోడల మీద ఒక్కటీ లేవు, సిగ్గుతో ఎవరూ పెట్టలేదు. ఇది కొర్వేరాలో ఒక ఫొటోగ్రాఫర్ మనవరాలు పోయిన వారం ఇచ్చింది. ఎన్నిసార్లు చూశానో. చూసినప్పుడల్లా దూరంగా గోలు ముందు నిలబడ్డ గౌదెన్సియో ముఖంలో దొంగతనం వెతికాను. అది పనికొస్తుందనుకోలేదు. అయినా తీసి బల్ల మీద పెట్టాను.

ఎర్మీనియో చెయ్యి ముందుకొచ్చి ఫొటో మీద పడింది. "ఇవన్నీ ఇప్పుడెందుకు మాస్టారూ. టైమవుతోంది."

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తీస్తాడేమోనని చూశాను. తియ్యలేదు.

బెల్మీరో ఆ చెయ్యిని పక్కకి జరిపి, కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. ఆయన జిల్లాలో ఇరవై ఏళ్లు రెఫరీ చేసినవాడు. ఫొటో చూసే పద్ధతే వేరు. ముందు బంతిని చూస్తాడు.

చాలాసేపు చూశాడు.

"ఇది మొదటి సగం" అన్నాడు చివరికి. "గౌదెన్సియో వెనక ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది. రెండో సగంలో వాడు ఇటు, శ్మశానం గోడ వైపున్నాడు."

అందరికీ తెలిసిందే కదా అన్నాను.

"బంతి నడిమధ్యన ఉంది. దాని మీద కాలు వేసినవాడిది చారల చొక్కా. కొర్వేరా వాడు." ఆయన వేలు అక్కడే ఆగింది. "మొదటి సగంలో గోలే లేదు. కాబట్టి ఇది ఆట మొదలుపెట్టడమే, మధ్యలోది కాదు. మొదటి తాపు వాళ్లది."

"అయితే ఏంటి?" అంది గ్రసియేత్.

"అప్పటి రూలు ఇప్పటిది కాదమ్మాయ్. టాస్ గెలిచినవాడు వైపు అడగొచ్చు, తాపు అడగొచ్చు. ఒకటి తీసుకుంటే రెండోది అవతలివాడికి. టాస్ ఎవరైనా గెలవనీ, తాపు వాళ్లకి పోయిందంటే వైపు ఎంచింది మనం."

వైపు అంటే ఏంటో సల్గోసాలో చంటిపిల్లలకీ తెలుసు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి ఉత్తరపు గాలి లేస్తుంది. సాయంత్రమయ్యేకొద్దీ బలుస్తుంది. మా జట్టు ఎప్పుడూ మొదటి సగం గాలికి ఎదురు ఆడుతుంది, గాలి ముదిరాక రెండో సగం దాన్ని వీపున వేసుకుంటుంది. ఆ ఒక్క రోజు తిరగబడింది. ముదిరిన గాలంతా గౌదెన్సియో ముఖం మీదికొచ్చింది. ఎందుకని అడిగితే, టాస్ ఓడిపోయాం, వాళ్లే మంచి వైపు తీసుకున్నారు అనేవారు. అందరూ అదే మాట. అందరికీ ఆ మాట చెప్పింది ఒక్కడే.

బెల్మీరో కళ్లద్దాలు తీశాడు. "టాస్‌కి వెళ్లింది నువ్వే కదన్నా."

ఎర్మీనియో గుమ్మం వైపు చూశాడు.

"ఆ ఎండాకాలమే నిన్ను చేపల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ని చేశారు. కొర్వేరా జట్టుకి చొక్కాలు కుట్టించిన దొర ఫ్యాక్టరీ. మేమంతా నీకు మందు పోయించాం, గుర్తుందా?"

"గాలి అంత లేస్తుందని..." అని ఆగిపోయాడు ఎర్మీనియో. ఈ ఊళ్లో పుట్టినవాడి నోటి నుంచి ఆ మాట బయటికి రాదు. ఆయనకీ అది తెలిసింది. నలిపిన టోపీ చేతుల్లోంచి జారి కింద పడింది, ఎవరూ తీసివ్వలేదు.

గ్రసియేత్ ఆయన వైపే చూస్తోంది. ప్రతి ఆదివారం వచ్చిన ఆ చేపలు, ఆ పరామర్శలు, తండ్రి మాట్లాడబోతే ఈయన పోనీలేరా అని వారించడం, అన్నీ ఒక్కొక్కటే తిరగేసుకుంటున్నట్టు ఆమె కళ్లు కదిలాయి.

బెల్మీరో పిడికిలి తెరిచాడు. తాళం తీసి జెండా రెండు చేతుల్లో పట్టుకుని, ఆమె ముందు తల వంచాడు. నేను మోసుకొస్తానన్నాను కదమ్మా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. జెండా తనే తీసుకుని బయటికి నడిచింది.

పెట్టె మీద నీలం జెండా పరుచుకోగానే వీధిలో గుసగుసలు లేచాయి. అమ్ముకున్నవాడికి జెండా ఏంటని వెనకెవరో గొణిగారు. శవం మోసేవాళ్లలో ముందు పిడి ఎర్మీనియోదని పొద్దున్నే అనుకున్నారు. అలవాటుగా కాబోలు, ఆయన కూడా బయటికొచ్చి వాహనం దగ్గర నిలబడ్డాడు.

గ్రసియేత్ జెండా మడత సరిచేసి, జనం వైపు తిరిగింది. బుద్ధెరిగినప్పటినుంచి పెదనాన్నా అనే పిలిచింది ఆయన్ని.

"అమ్ముకున్నది మా నాన్న కాదు" అంది, వీధి చివరిదాకా వినపడేలా. "ఎర్మీనియో కలాదో."