ఓబన్న గురువు జాగా

చౌడేశ్వరి పొద్దున్నే షేర్ ఆటో దిగి, క్లాసుకు పోకముందు నోటీసు బోర్డు కాడ నిలబడేది. ఫీజుల నోటీసులు, హాజరు నోటీసులు ఆ పిల్లకు అక్కర్లేదు. పండగల కాగితాలు చదువుకొనేది. ఈ వారం ముగ్గుల పోటీ, పై వారం ఏకపాత్రాభినయం, ఆ పైన గుంతకల్లులో నాటకాలు, నెలాఖరుకు అనంతపురంలో కాలేజీ పిల్లోళ్ళ కళోత్సవం. ఆ కడపటి కాగితం కింద 'జానపద బృంద నృత్యం, పన్నెండు మందికి మించరాదు' అని రాసుండాది. దాన్ని ఆ పిల్ల ఎన్నిసార్లు చదివిందో బోర్డుకే తెలియాల.

తనతో కలిపి పన్నెండు మందినీ పోగుచేసింది తనే. సాయంత్రం కాలేజీ వదిలినాక సైకిల్ స్టాండు వెనకాల బండల మీద గజ్జెలు కట్టుకొని చెక్కభజన ఎగిరేవాళ్ళు. గుండ్రంగా నిలబడేది, చేతుల్లో చెక్కలు వాయిస్తా పాడేది, గురువు దెబ్బ మారిస్తే అడుగు మార్చేది. చూసేదానికి ఇంతే. కాళ్ళు బొబ్బలెక్కితే తెలుస్తాది దాని సంగతి.

గురువు ఓబన్నది చౌడేశ్వరి వాళ్ళ ఊరే. చెక్కభజన మగోళ్ళ పని, ఆడపిల్లోళ్ళు ఎగిరితే ఊరికి అరిష్టమని బయ్యన్న లాంటి పెద్దమనుషులు అడ్డం పడితే, "వానల్లేక ఊరు ముందే ఎండిపోయుండాది, ఇంక కొత్తగా వచ్చే అరిష్టం ఏముండాదప్పా" అని ఆడపిల్లోళ్ళ చేతికి చెక్కలిచ్చిన మనిషి. పోయిన ఏడాది చచ్చిపోయినాడు. చచ్చిపోయినా భజన మానల్యా. ఊర్లో గానీ కాలేజీలో గానీ, గుండ్రంలో ఒక మనిషి పట్టేంత జాగా ఇడిస్తే చాలు, ఆ జాగాలోంచి ఆయన చెక్కలు పలుకుతాయి. శనివారం మాత్రం రాడు. బతికుండంగా కూడా శనివారం గొర్రెల సంతకు పోయేవాడు. అందుకని పిల్లోళ్ళు శనివారం సెలవు పెట్టుకొన్నారు.

కాలేజీలో ఉత్సవాలన్నీ చూసుకొనేది విష్ణువర్ధన్ అనే లెక్చరరు. చెక్కభజన అంటే ఏందో ఆయనకు తెలీదు గానీ లెక్కలు మాత్రం బాగా తెలుసు. ఒక సాయంత్రం వచ్చి కళ్ళు మూసుకొని విన్నాడు. భజనకు తల ఊపుతాండాడని పిల్లోళ్ళు మురిసిపోయినారు. ఆయన ఎంచుతాండాడు.

"పదమూడు వినపడుతున్నాయే," అన్నాడు. "ఆ పదమూడోది ఎవరిది?"

"ఓబన్న గురువుది సార్," అని చెప్పింది చౌడేశ్వరి.

"ఏ ఇయర్?"

"చచ్చిపోయినాడు సార్."

"అంటే మన స్టూడెంట్ కాదు. ఐడీ కార్డు ఉండదు. పన్నెండుకు మించకూడదని రూలు. అనంతపురంలో జడ్జీలకు చెవులుండవా?"

చచ్చిపోయినోడు చెక్కలెట్ల వాయిస్తాడని అడగలేదు మహానుభావుడు. ఐడీ కార్డు అడిగినాడు. ఊరికి లేదు, పిల్లోళ్ళకు లేదు, ఈయనకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకు.

"గురువు లేకుండా చెక్కభజన ఎట్ల సార్?" అంది చౌడేశ్వరి జతకత్తె రేఖ.

"అయితే మీలో ఒకరు తగ్గండి. చౌడేశ్వరీ, ఆయన్ని తెచ్చింది నువ్వే కదా, నువ్వే తప్పుకో."

ఇదేం న్యాయమో మీరే చెప్పండి. జట్టును కట్టిన పిల్లనే జట్టులోంచి పొమ్మన్నాడు. అయినా చౌడేశ్వరి పండ్లు కరచుకొని ఒప్పుకొంది. నేను లేకపోయినా గురువుంటాడు, గురువుంటే గుండ్రం నిలబడతాదని మనసుకు సర్దిచెప్పుకొంది. ఇంటికి పోయి వాళ్ళమ్మ గంగక్కతో కూడా చెప్పల్యా.

మర్నాడు సాయంత్రం పోయి చూస్తే తన జాగాలో పద్మప్రియ నిలబడుండాది. పద్మప్రియ వాళ్ళ నాయన కాలేజీకి స్టేజీ కట్టించిన ఆసామి, వచ్చే ఎలక్షన్లో నిలబడాలని చూస్తాండే మనిషి. ఆ పిల్ల చెక్కల్ని కాలిన పెనం పట్టుకొన్నట్లు కొసవేళ్ళతో పట్టుకోనుండాది.

చౌడేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, మళ్ళా పదమూడే అయింది కదా."

విష్ణువర్ధన్ ఫోను లోంచి తలెత్తలేదు. "అందుకే ఆయన్ని రావద్దని చెప్పు. నీ మాటయితే వింటాడు."

విన్నారా? జాగా లాక్కొన్నది చాలదంట. గురువును రావొద్దని చెప్పే పని కూడా ఆ పిల్లకేనంట. గొంతు కోసేవాడు కత్తి నూరుకొని రమ్మని మనకే చెప్పినట్లుండాది.

"చెప్పను సార్," అంది చౌడేశ్వరి. "చచ్చిపోయినా ఆయన రోజూ టయానికి వస్తాండాడు. బతికుండే మీరు ఒక్కనాడన్నా టయానికి వచ్చినారా?"

ఆయన మొగం మాడిపోయింది. "నోరు ఎక్కువయింది నీకు. అనంతపురం రావాలంటే గజ్జెల సంచి మోయడానికి రా. లేదంటే ఇంట్లో ఉండు."

ఆయన పోయినాక రేఖ చెక్కలు కింద పెట్టేసింది. "మేమూ మానుకొంటాం మే. వాని బండ బడ, వాడే ఎగురుకోనీ."

"మనం మానుకొంటే వాళ్ళకే మేలు," అంది చౌడేశ్వరి. "కాళ్ళు పగిలేదాకా నేర్చుకొన్యాం. పోదాం పాండి. సంచి నేను మోస్తా."

కళోత్సవం అంటే అందులో కళ ఉంటాదనుకొంటాం. పొద్దున మొదలు కావాల్సింది, ముఖ్య అతిథి కోసం మధ్యాన్నం దాకా కాచుకొన్నారు. వచ్చినాక ఆయనకొక శాలువా, ఆయన పక్కనోనికొక శాలువా, ఆ పక్కనోడు ఎవురో ఎవురికీ తెలీదు గానీ వానికీ ఒక శాలువా. ఎండకు హాల్లో మనుషులు ఉడికిపోతాంటే శాలువాలు కప్పుకొని ఫోటోలు. అందరూ మాట్లాడినారు. కళలు మన ప్రాణం అన్నారు. పిల్లోళ్ళు మొగాలకు పూసుకొన్న రంగులు చెమటకు కారిపోతానే ఉండాయి. ఆఖరుకు టయం చాలదని ఒక్కో జట్టుకు ఇచ్చిన టయంలో సగం కోసేసినారు. ఒక్క శాలువా కూడా కోయలేదు.

వీళ్ళ జట్టు పేరు పిలిచినారు. చౌడేశ్వరి స్టేజీ ముందర, కుర్చీల నడుమ దావలో సంచి పట్టుకొని నిలబడింది. పైన విష్ణువర్ధన్ పిల్లోళ్ళను మధ్యలో జాగా లేకుండా భుజానికి భుజం తగిలేట్లు నిలబెట్టి కిందికి దిగినాడు. గురువుకు చోటే ఇడవల్యా. చెక్కలు మొదలైనాయి. పచ్చికట్టెలు పెట్టిన పొయ్యి మాదిరి పొగే గానీ మంట లేదు. ఎవురి దెబ్బ వాళ్ళది. పద్మప్రియ దెబ్బ ఎవురిదీ కాదు.

అప్పుడు చౌడేశ్వరి పక్కన, దావలో, ఓబన్న చెక్కలు పలికినాయి.

కుర్చీలో కూర్చోనుండే ఒక పెద్దామె పక్కామెతో, "గురువు వచ్చినట్లుండాడు, రవంత జరుగు," అని కాళ్ళు ముడుచుకొని దావ ఇచ్చింది.

గురువు యాడుంటే గుండ్రం ఆడనే. ముందు రేఖ తిరిగింది. దాని వెనకాల మిగతా పిల్లోళ్ళు చెక్కలు ఆపకుండా, పాట తెగకుండా, మెట్లు దిగి దావలోకి వచ్చినారు. విష్ణువర్ధన్ చేతులూపుతా అడ్డం పోయినాడు గానీ ఎవురూ చూడల్యా. వాళ్ళ వెనకనే పద్మప్రియ కూడా దిగి వచ్చి, తన చెక్కలు చౌడేశ్వరి చేతిలో పెట్టింది.

"నాకు రాదక్కా. మా నాయనకు చెప్పినా, సార్‌కు చెప్పినా. ఎవురూ వినల్యా," అంది.

స్టేజీ ముందర గుండ్రం కట్టినారు. అలవాటుగా ఒక మనిషి పట్టేంత జాగా ఇడిసినారు. చౌడేశ్వరి నిలబడేదానికి వేరే జాగా యాడా లేదు. ఆయన జాగాలో కాలెట్ల పెట్టేదని రవంతసేపు తటపటాయించింది. చెక్కలు ఆడ పలుకుతానే ఉండాయి. రేఖ కళ్ళతోనే రమ్మనింది. చౌడేశ్వరి ఆ జాగాలో నిలబడి మొదటి దెబ్బ వేసింది.

ఓబన్న చెక్కలు ఆగిపోయినాయి.

ఆ పిల్ల చేతులు గాల్లోనే నిలబడిపోయినాయి. ఆ పక్కా ఈ పక్కా చూసింది. యాడా లేడు. పిల్లోళ్ళు పాత అడుగే వేస్తా తిరుగుతాండారు, అందరి చూపూ తన చేతుల మీదనే ఉండాది. ఎవురో ఒకరు దెబ్బ మార్చాల. చౌడేశ్వరి మార్చింది. పదకొండు మందీ ఒక్క మనిషి మాదిరి అడుగు మార్చినారు. ఆ దెబ్బ చౌడేశ్వరి ఎప్పుడూ నేర్చుకొనింది కాదు.

ముందు వరుసలో విష్ణువర్ధన్ కళ్ళు మూసుకొని ఎంచినాడు. మొగం వికసించింది. "పన్నెండు. కరెక్టుగా పన్నెండు," అని జడ్జీతో చెప్పినాడు. ఆ మాట చౌడేశ్వరి చెవిన పడింది. చేతిలో చెక్కలు తీసి ఆ సార్ నెత్తిన కొట్టాలనిపించింది. ఏడుపు ముంచుకొచ్చింది. అడుగు మాత్రం తప్పల్యా.

మొదటి బహుమతి వచ్చింది. షీల్డు విష్ణువర్ధన్ ఎత్తుకొన్నాడు. ఫోటోలో నడుమ పద్మప్రియ వాళ్ళ నాయన నిలబడినాడు. చౌడేశ్వరి ఫోటోకు పోలేదు.

ఇంటికి వచ్చి అమ్మ ముందర కూలబడింది. "గురువును పోగొట్టుకొని వచ్చినామ్మా. వాని లెక్క సరిపోయేదానికి గురువు పోయినాడు."

గంగక్క శెనక్కాయలు ఒలుస్తా ఉండాది. చేతులు ఆపలేదు. "వాని లెక్కకు పోతాడా ఓబన్న? జాగా నిండింది పాపా, ఇంకెందుకు వస్తాడు. ఆయనా ముసలోడే కదా, కాళ్ళు నొయ్యవా."

మర్నాడు ఊర్లో మగోళ్ళ భజనకు కూడా ఓబన్న రాలేదు. అది శనివారం కాదు. పొద్దు వాలేటప్పటికి చెక్కలు చేతపట్టుకొని మగోళ్ళంతా చౌడేశ్వరి ఇంటి ముందరికొచ్చినారు. అందరికంటే ముందు బయ్యన్న. చెప్పులు వాకిట్లోనే ఇడిసినాడు.

"గుండ్రం నిలబడల్యా తల్లీ," అన్నాడు. "ఇంక నువ్వే నేర్పించాల."

చౌడేశ్వరి గడప దిగలేదు. "నేర్పిస్తా మామా. మీ పాప యాడ?"

"అదెందుకు? మేమంతా వచ్చినాం కదా."

"నా చేతిలో చెక్కలు చూసి మీరు ఏమన్నారో నాకు గెవనం ఉండాది. మీ పాప గుండ్రంలో నిలబడినాకే మొదటి దెబ్బ వేస్తా."

బయ్యన్న వెనక్కి తిరిగి మిగతా వాళ్ళ మొగాలు చూసినాడు. చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి, కూతుర్ని పిల్చుకొచ్చేదానికి ఉత్తకాళ్ళతో ఇంటి దావ పట్టినాడు.