ఒంటిగంట బల్ల

స్కెల్‌విక్‌లో బుధవారం సంత. ఆ రోజు పొద్దున్నే డోర్కస్ ఆల్డర్‌సన్ మొదట చేసే పని పొయ్యి రాజెయ్యడం కాదు, భోజనాల గదిలోకి వెళ్లి బల్ల ఎంత ఉందో చూసుకోవడం. బల్ల పొడుగును బట్టే మాంసం పొయ్యి మీదికి ఎక్కుతుంది. గొర్రెల అమ్మకాలు జోరుగా సాగే రోజుల్లో ఆ ఓకు బల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగిపోయి, చుట్టూ కుర్చీలతో కిక్కిరిసి ఉంటుంది. మంచు పడి దారులు మూసుకుపోయిన వారం నలుగురు పేకాడుకునేంత చిన్నదైపోయి గది మధ్యలో ముడుచుకుని కూర్చుంటుంది. ఎన్ని కుర్చీలు కనిపిస్తే అంతమంది వస్తారు. నల్ల పొట్టేలు అనే ఆ పూటకూళ్లింట్లో గరిటె పట్టిన ఆడవాళ్లందరూ ఇలాగే చూసుకుని వండారు, డోర్కస్ అత్తగారితో సహా. ఆ ఇంట్లో గ్రేవీ మిగిలిపోయి పారబోసిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ భోజనానికి అక్కడ ఆర్డినరీ అని పేరు. సంతకి వచ్చినవాళ్లందరికీ ఒకే బల్ల, ఒకే వంట. బ్యాంకు మేనేజరైనా, బూట్ల నిండా పేడతో వచ్చిన గొర్రెల కాపరైనా భుజం భుజం రాసుకుంటూ కూర్చుని తినాల్సిందే. తాతల కాలం నుంచీ గుమ్మం పైన పలక మీద అదే మాట రాసి ఉంది: 'ఆర్డినరీ, బుధవారం, ఒంటిగంటకి.'

పైగదుల్లో రాత్రి పడుకున్నవాళ్ల లెక్క మాత్రం వేరు. ఇంటివాళ్లకీ, బస చేసినవాళ్లకీ కిటికీ వైపు బల్ల చోటు ఉంచుతుంది. వాళ్లు తెల్లారగానే లేచి వెళ్లిపోయినా సరే, వాళ్ల కుర్చీ ఒంటిగంట దాకా ఖాళీగా అక్కడే ఉంటుంది. ఆ కుర్చీ లేదంటే, ఒంటిగంటకి ఆ మనిషి ఈ లోకంలో ఉండడని అర్థం.

డోర్కస్ మొగుడు ఆమోస్ విషయంలో అదే జరిగింది. పదకొండేళ్ల కిందట ఒక బుధవారం పొద్దున కిటికీ వైపు ఒక్క కుర్చీయే ఉంది. అది డోర్కస్‌ది. ఆమె మొగుడి చొక్కా పట్టుకుని, "ఇవాళ రాళ్ల గనికి పోవద్దయ్యా, బల్ల దగ్గర నీ కుర్చీ లేదు," అని బతిమాలింది. ఆమోస్ నవ్వాడు. "లేకపోతే నిలబడి తింటాలే," అని బండి కట్టుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి గనిలో రాయి జారింది. డోర్కస్ ఏడవలేదు. ఏడవడానికి కోపం అడ్డొచ్చింది, ఆ కోపం ఇప్పటికీ దిగలేదు. ముక్కు మీద కోపం అని ఊళ్లోవాళ్లు అంటారు గానీ, ఆమె కోపం ముక్కు మీద కాదు, ఒళ్లంతా ఉంది.

ఆ పూటకూళ్లిల్లు ఒక సారా కంపెనీది. ఆమోస్ పోయాక కంపెనీ వాళ్లు డోర్కస్‌ని వంటకి ఉంచుకుని, అటకగది ఇచ్చారు. ఆ గదే ఆమె ఇల్లు. బైపాస్ రోడ్డు పడిన ఏడాది, ఒక మంగళవారం, లండన్ నుంచి కంపెనీ మనిషి దిగాడు. పేరు నైజెల్ ప్రెండర్. వెన్నరంగు కారు, నున్నటి బూట్లు, మాట పూర్తయ్యేలోపే పక్కకి చూసే అలవాటు. వస్తూనే గుమ్మం పైన పలక చూసి ముఖం చిట్లించాడు.

"ఆర్డినరీ ఏమిటి? మా వంట మామూలుది అని మనమే బోర్డు పెట్టుకుంటే ఎవడొస్తాడు?" అని, రంగులవాణ్ణి పిలిపించి, ఆ మాట ముందు 'ఎక్స్‌ట్రా' అని రాయించాడు.

సాయంత్రానికి సంతవీధి అంతా వచ్చి చూసి పోయింది. గొర్రెల వేలం పాడే ముసలి జోబ్ రేన్ టోపీ తీసి, తల గోక్కుని, "ఎక్స్‌ట్రా ఆర్డినరీ అంటే ఏంటే పిల్లా, రెండోసారి వడ్డిస్తావా?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. డోర్కస్‌కి నవ్వు రాలేదు. ఆ పలక తుడిచి తుడిచి ఆమె చేతులు కాయలు కాశాయి.

ప్రెండర్‌కి చల్లారిన హ్యామూ, ఊరగాయా, రొట్టే పెట్టింది. అతను తింటూనే చెప్పాడు. రేపటితో ఈ సంత భోజనం ఆఖరు. ఆ పెద్ద బల్లని ఎవరో పాత సామాన్ల వ్యాపారి కొనుక్కున్నాడు. ఇక్కడ ఇద్దరిద్దరు కూర్చునే చిన్న బల్లలు వస్తాయి, కొవ్వొత్తులు వస్తాయి, కొత్త వంటవాడు వస్తాడు.

"మరి నేనో?" అంది డోర్కస్.

"మీరు చాలాకాలం చేశారు. విశ్రాంతి తీసుకోండి. అటకగది మాకు సామాను పెట్టుకోడానికి కావాలి. శనివారానికి ఖాళీ చేస్తే చాలు. ఈ ఊరగాయ బాగుంది."

డోర్కస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్ల పైబడి ఈ ఇంటికి తన నడుం విరగ్గొట్టుకుంది. విశ్రాంతి తీసుకోవాలట. ఎక్కడ తీసుకోవాలి, వంతెన కిందా? నోటిదాకా వచ్చిన మాటల్ని మింగి గిన్నెలు తీసుకుపోయింది. ఒక గిన్నె పగిలింది. పగలనీ అనుకుంది.

మర్నాడు పొద్దున ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల ఒక మోస్తరుగా సాగింది, రైతుల వైపు కుర్చీలు బాగానే ఉన్నాయి. కిటికీ వైపు ఒక్కటే ఉంది, ఆమె ఎప్పుడూ కూర్చునేది. రాత్రి ఆ ఇంట్లో పడుకున్నది ఇద్దరు, ఆమే, ప్రెండరూ.

నిజం చెప్పుకోవాలంటే, ఆమె మొదట అనుకున్న మాట, 'బాగా అయింది.' అనుకుని సిగ్గుపడలేదు కూడా. దేవుడు ఉన్నాడు, బుధవారాలు కాస్త తొందరగా లేస్తాడు అనుకుంటూ పొయ్యి రాజేసింది.

వేలానికి ముందు ఒక గ్లాసు ఏల్ బీరు తాగి పోవడం జోబ్ అలవాటు. గ్లాసు పట్టుకుని గుమ్మంలోంచి బల్ల చూశాడు. కిటికీ వైపు చూశాడు.

"ఆ కుర్చీ నీదేనా?"

"నాదే."

"అయితే పైన ఉన్నాయనది లేదన్నమాట."

"లేదు."

జోబ్ సగం గ్లాసు తాగాడు. "చెప్తావా మరి?"

"ఆమోస్‌కి చెప్పానుగా. ఏం ఒరిగింది?"

"అది కాదే..."

"పో జోబ్, నీ గొర్రెలు అరుస్తున్నాయి."

జోబ్ వెళ్లిపోయాడు. వెళ్తూ ఆమె వైపు చూసిన చూపు ఆమెకి నచ్చలేదు. వాడెవడు తనని అలా చూడటానికి? నిన్న సాయంత్రం ఆ పలక గురించి కంపెనీకి అర్జీ పెడదామన్నప్పుడు సంతకం చెయ్యడానికి కళ్లజోడు దొరకలేదన్న మనిషి!

ప్రెండర్ చంకలో పేపరు పెట్టుకుని దిగాడు. డోర్కస్ గుడ్లూ రొట్టే అతని ముందు పెట్టి, పళ్లు బిగబట్టి ఆ ఒక్క మాటా అనేసింది.

"డిన్నర్‌కి ఉండి వెళ్లండి."

"డిన్నర్‌కా? అయ్యో, రాత్రికి లండన్‌లో ఉండాలి నేను. పదకొండు దాటగానే బయల్దేరతా."

స్కెల్‌విక్‌లో డిన్నర్ అంటే ఒంటిగంట తిండి. పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. లండన్ వాళ్లకి డిన్నర్ అంటే దీపాలు పెట్టాక తినేది. ఆ సంగతి డోర్కస్‌కి తెలుసు. 'డిన్నర్ అంటే మధ్యాహ్నమేనయ్యా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఉండమని చెప్పింది, వాడు ఉండనన్నాడు, తన బాధ్యత తీరిపోయింది. ఆదివారం చర్చిలో తలెత్తుకుని పాడొచ్చు. వాడి భాష వాడికి చేటు తెస్తే ఆమె ఏం చేస్తుంది?

వంటింట్లోకి పోయి గొర్రె తొడ మీద ఉప్పు పట్టించింది. కోపమంతా చేతుల్లోకి దిగి మాంసం మీద చూపించింది. మాంసంతో తినే పుడ్డింగుకి పిండి గిలక్కొట్టింది. గడియారం వైపు చూడకూడదు అనుకుంది. చూసింది. మళ్లీ చూసింది.

మెట్ల మీద ఈల వినిపించింది. ప్రెండర్ సంచీ పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగాడు. "అన్నట్టు, ఆ గది శుక్రవారానికే ఖాళీ చేస్తే మాకు వీలుగా ఉంటుంది."

"దారిలో తినడానికేమైనా కట్టివ్వనా?" అంది డోర్కస్. ఎందుకు అందో ఆమెకే తెలియదు.

"అక్కర్లేదు లెండి," అని నవ్వాడు ప్రెండర్. "ఎక్కడో ఒకచోట నిలబడే తినేస్తా."

అంతే. డోర్కస్ లోపల ఏదో తెగింది. పదకొండేళ్లుగా చెవిలో రొద పెడుతున్న మాట అది. అదే నవ్వు, అదే తేలిక. ఈ మగవాళ్లకి ప్రాణమంటే లెక్కలేదు, కుర్చీ అంటే లెక్కలేదు. నిలబడి తింటారట, నిలబడి! చావు దగ్గర కూడా కూర్చోడానికి తీరిక లేదు వీళ్లకి.

హ్యామ్ కోసే పొడుగు కత్తి తీసుకుని పెరటి తలుపు తన్ని తెరిచింది. గుర్రాలసాల ముందు వెన్నరంగు కారు ఎండలో మెరుస్తోంది. ముందు చక్రంలో కత్తి దింపింది. బుస్సుమంది. ఒకటి కోస్తే స్టెప్నీ ఉంటుందని మిగతా మూడూ కోసింది. కోస్తూ తిట్టింది. స్కెల్‌విక్‌లో గొర్రెలు తోలేవాళ్లకి కూడా రాని తిట్లు తిట్టింది. పక్క పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఆవిడ దుప్పటి అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

ప్రెండర్ పరిగెత్తుకొచ్చాడు. "పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కింది."

"నీ పని అయిపోయింది! ఈ క్షణం నుంచి నీకు ఈ ఇంటితో సంబంధం లేదు. శుక్రవారం కాదు, ఇవాళే పో!"

"వంట దించి పోతా," అంది డోర్కస్. కత్తి ఏప్రనుకి తుడుచుకుంటూ లోపలికి నడిచింది.

సంతరోజు గ్యారేజీవాడు భోజనం కాకుండా టైరు ముట్టుకోడు. ఎంత అరిచినా అదే జవాబు. ప్రెండర్ అరుస్తూ సంతంతా తిరిగాడు. కబురు అతని కంటే ముందే నడిచింది. ఒంటిగంటకి రైతులు బూట్లు దులుపుకుని వచ్చి కూర్చున్నారు. కత్తి సంగతి విన్నారు, బల్ల సంగతి జోబ్ చెప్పి ఉంటాడు. ప్రెండర్ ఆకలితో ముఖం మాడ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

బల్ల కిర్రుమంది. కిటికీ వైపు ఒక జానెడు సాగింది. అక్కడ డోర్కస్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంది.

రైతుల్లో ఒకడు గ్రేవీ గిన్నె పక్కకి జరిపాడు. జోబ్ లేచి, ఆ కుర్చీ వెనక్కి లాగి, "కూర్చోండి బాబూ," అన్నాడు. "చల్లారితే పుడ్డింగు తోలులా అయిపోద్ది."

ప్రెండర్ కూర్చున్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. అడిగితే ఒప్పుకునేవాడు కాదు గానీ, గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకుని మరీ తిన్నాడు.

తియ్యటి రూబార్బ్ 'పై' ముక్కలు వడ్డిస్తుండగా కానిస్టేబుల్ వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కుర్చీ పొద్దున్నుంచీ ఆయన కోసం ఉంది.

"మిల్లు వంతెన పోయింది," అన్నాడు హెల్మెట్ తీసి. "దుంగల లారీకి వాలులో బ్రేకులు పోయాయి. పదకొండున్నరకి. డ్రైవరు దూకేసి కాలు విరగ్గొట్టుకున్నాడు. దుంగలన్నీ వంతెన మీద పడి, వంతెనతో సహా ఏట్లోకి. దేవుడి దయ, ఆ సమయానికి వంతెన మీద ఎవరూ లేరు."

లండన్ వెళ్లాలంటే ఆ వంతెన దాటాలి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ప్రెండర్ వైపు చూశారు.

"ఈ ఊళ్లో ఒక్కటీ సవ్యంగా ఉండదు," అన్నాడు ప్రెండర్. "అయితే ఇప్పుడు నేను చుట్టుదారిలో పోవాలా?"

డోర్కస్ ఆ ముక్కల మీద కస్టర్డ్ పోసింది, ప్రెండర్‌కీ అందరితో సమానంగానే పోసింది.

సాయంత్రం టైర్లు వచ్చాయి. అప్పటికి డోర్కస్ పెట్టె జోబ్ బండిలోకి ఎక్కింది. కొండ అవతల చెల్లెలి ఇంట్లో ఒక మూల దొరుకుతుంది. చెల్లెలికి ఇష్టం లేదు, డోర్కస్‌కీ లేదు. ప్రెండర్ కారు కిటికీ దించి తల బయటపెట్టాడు.

"నీ మీద పోలీసులకి ఫిర్యాదు ఇవ్వచ్చు నేను. ఇవ్వడం లేదు. అది నా మంచితనం అనుకో."

బండి మీద జోబ్ ఏదో అనబోయాడు. డోర్కస్ చెయ్యి అడ్డం పెట్టింది.

"అనుకుంటాలే," అంది. "నెమ్మదిగా నడుపు, దరిద్రుడా."

కారు సంతవీధి దాటి చుట్టుదారిలోకి తిరిగింది. డోర్కస్ నడిరోడ్డు మీద నిలబడి తిడుతూనే ఉంది. కారు కనుమరుగైంది, చప్పుడు కూడా ఆగిపోయింది, ఆమె తిట్లు ఆగలేదు. తిట్టి తిట్టి గొంతు బొంగురుపోయింది. ఆ గొంతులో ఏడుపు జీర జోబ్‌కి మొదటిసారి వినపడింది.

"వాడు పోయాడు కదే పిల్లా," అన్నాడు మెల్లగా. "ఇంకా ఎవర్ని తిడుతున్నావు?"

"ఆమోస్‌ని బతిమాలిన దాన్ని," అంది డోర్కస్. "బండి చక్రం విరగ్గొట్టాల్సింది పోయి, బతిమాలుతూ కూర్చున్న దాన్ని."