పొట్ట మీద తంగేడు పువ్వు

మాదాపూర్ రాళ్లలో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. పాలమూరు నుంచి వచ్చిన పోచమ్మ అక్కడ సిమెంటు తట్టలు మోసేది. రెండేళ్ల కూతురు మంగి ఇసుక కుప్ప పక్కన గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు వింటే మేస్త్రీ లింగయ్యకు ఒళ్లు మండేది.

“ఏందే పోచమ్మా, తట్ట ఎత్తుడు తక్కువ, పిల్లను ఎత్తుడు ఎక్కువైంది. ఇంకోపారి దీని రాగం ఇనబడ్తే ఇద్దరు ఊరికి బస్సెక్కుర్రి.”

ఊళ్లో వానల్లేవు. మొగుడు పోయి ఏడాది. బస్సెక్కి పోతే తినేదేముంది, మట్టి తప్ప?

అందుకే ఎవరో పుణ్యాత్ములు రేకుల షెడ్డులో కూలీల పిల్లలకు బాలవాడి తెరిస్తే, మొదటి రోజే మంగిని తీసుకెళ్లి దింపింది. అక్కడ కనకలక్ష్మి టీచరు పసిపిల్లలకు యోగా నేర్పేది. ప్రొద్దుటూరు మనిషి, కాపురం కూకట్‌పల్లిలో. పిల్లల్ని గోనెసంచుల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కొక్కరి పొట్ట మీద ఒక తంగేడు పువ్వు పెట్టేది.

“ఊపిరి పీలిస్తే పువ్వు కొండెక్కుతాది. వదిలితే దిగుతాది. మెల్లిగా రా నాయనా, పువ్వు పడిపోకూడదు.”

పువ్వు పడిపోతుందేమోనన్న దిగులులో మంగి ఏడుపే మరిచిపోయింది. “పిల్లకేమన్న మందు పెట్టినవా ఏంది?” అని లింగయ్య కూడా నవ్వాడు. సాయంత్రం గుడిసెలో తల్లీకూతుళ్లు పక్కపక్కన పడుకుని పొట్టల మీద పూలు పెట్టుకునేవారు. మంగికి నవ్వొచ్చేది. దాన్ని చూసి తల్లికీ వచ్చేది. పూలు రెండూ దొర్లిపోయేవి.

ముసురు పట్టిన వారం మంగికి దగ్గు పట్టుకుంది. వెనకే జ్వరం. ఒక పొద్దున పోచమ్మ పిల్లను దింపి వెళ్లలేక గడపలోనే నిలబడింది.

“అమ్మా, జర సూడు. ఒళ్లు కాలుతుంది. బువ్వ ముడ్తలేదు. రాత్రి సంది పొట్ట గిట్లనే ఎగురుతుంది. దవాఖానకు తీస్కపోవాల్నా?”

బాలవాడికి చందాలిచ్చే పెద్దమనుషులు వచ్చేది ఆ రోజే. హడావుడిలో ఉన్న కనకలక్ష్మి మంగి గౌను ఎత్తి చూసింది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. పిల్ల కిక్కురుమనడం లేదు.

“అంత గాబరా ఏంటికే? పొట్టతో పీలుస్తాంది బిడ్డ, నేను నేర్పినట్టే! జ్వరానికి మాత్ర ఏస్తాలే. దగ్గుకు ఈ ఊపిరి శానా మంచిది. నువ్వు పనికి పో.”

చదువుకున్నామె చెప్పింది. నాగా పెడితే లింగయ్య ఊరుకోడు. పోచమ్మ వెనక్కి చూసుకుంటూనే వెళ్లి తట్టెత్తింది.

పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వరుసలో పిల్లలందరి పూలూ నిదానంగా ఎక్కి దిగుతున్నాయి. మంగి పువ్వు ఎగిరి కింద పడింది. “రెండేళ్ల బిడ్డ సార్, ఎంత బలంగా పీలుస్తాందో చూడండి” అంది కనకలక్ష్మి. ఒకాయన చప్పట్లు కొట్టాడు. పువ్వు తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. మూడోసారి పెట్టబోతూ వంగినప్పుడు పిల్ల మొహం దగ్గరగా కనబడింది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

పోచమ్మను పిలిపించి, కనకలక్ష్మి ఆటోలో ఎంత తొందరగా తీసుకెళ్లినా దవాఖాన దూరమే. యోగా ఊపిరి అనుకున్నానని టీచరు చెబుతుంటే డాక్టరు గౌను ఎత్తి చూసి తల పట్టుకున్నాడు.

“ఇది యోగా కాదమ్మా, గాలి అందక కొట్టుకోవడం. పక్కటెముకలు లోపలికి పోతుంటే కనబడలేదా? నిమ్ము ముదిరిపోయింది. నిన్ననే తెస్తే వేరు.”

పొద్దు గూకకముందే మంగి పోయింది.

నానక్‌రామ్‌గూడ దారిలో ఒక చెలక పొలం పక్కన చిన్న గుంత తవ్వారు. కనకలక్ష్మి దూరంగా నిలబడింది. పోచమ్మ పక్క పొదలోంచి ఒక తంగేడు పువ్వు తెంపి, బిడ్డ పొట్ట మీద పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. కళ్లలో చుక్క నీరు లేదు.

లింగయ్య పార పక్కన పెట్టాడు. “చెల్లె, ఏడువే. గట్టిగ ఏడువు. నేనేమనను.”

“ఆగన్నా, మట్టి ఎయ్యకు. జర సూడనియ్యి.”

గాలికి పువ్వు రెక్క కొంచెం కదిలింది. పోచమ్మ ఇంకా ముందుకు వంగింది.