వందో టోకెను

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తప్పు కనబడితే నోటితో చెప్పకూడదు. కంప్యూటర్ బోర్డులో టికెట్ ఎక్కించాలి. ఎక్కించిన టికెట్‌కి నంబరు పడుతుంది, రంగు పడుతుంది, ఆ తర్వాత బూజు పడుతుంది.

రెండువందల పన్నెండో టికెట్‌కి బూజు పట్టి రెండేళ్లయింది. ఎక్కించింది తప్పులు పట్టే టెస్టరమ్మాయి. వాళ్ల టీమ్ ఆసుపత్రుల్లో టోకెన్లు పిలిచే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. గోడమీది తెర తొంభై తొమ్మిది చూపించాక నేరుగా నూటొకటికి దూకేస్తుంది. వందో చీటీ అందుకున్న మనిషి బెంచీకి అంటుకుపోవాల్సిందే.

ఈ సంగతి ఆమెకి చెప్పింది సొంత పిన్ని. పెద్దాసుపత్రి కౌంటర్లో కూర్చునేది ఆవిడే. రోజూ పదకొండు దాటాక మెడ సాచి, "వందో నంబరెవరండీ? మీరే, లోపలికెళ్లండి!" అని హాలు దద్దరిల్లేలా కేకేసేది. ఆ గొంతు పుణ్యమా అని రెండేళ్లుగా ఏ వందో మనిషీ వైద్యం అందక తిరిగెళ్లలేదు.

ఈలోగా బోర్డు శుభ్రంగా ఉండాలని మేనేజరు ఒక ఏర్పాటు చేశాడు. ముప్పై రోజులు ఎవరూ పలకరించని టికెట్‌ని యంత్రమే మూసేస్తుంది. టీమంతా దాన్ని చీపురు అంటారు. చీపురు రాకముందే, ఇరవై తొమ్మిదో రోజున టెస్టరు తన టికెట్ కింద 'తప్పు అలాగే ఉంది' అని రాసేది. వట్టిపోయిన గేదెకి గడ్డి వేసినట్టు నెల నెలా అదే పని.

ఆ యాతన చూసి పక్క సీటు ప్రోగ్రామరుకి జాలేసింది. మూడు రోజులు కూర్చుని, ఆ మాట దానంతటదే రాసే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాడు.

"ఆ మూడ్రోజుల్లో అసలు తప్పే దిద్దొచ్చుగా అన్నా?" అంది టెస్టరు.

"దిద్దడానికి పది నిమిషాలు చాలమ్మా. కానీ దానికి ప్రయారిటీ లేదుగా! నా చెయ్యి పెడితే సారు ఊరుకోడు."

ఆ శుక్రవారంతో పిన్ని రిటైరవుతోంది. ఆవిడ స్థానంలో వచ్చేవాళ్లకి వందో మనిషి సంగతే తెలియదు. సోమవారం మీటింగులో టెస్టరు లేచి నిలబడింది.

"సార్, రెండువందల పన్నెండు ఈ వారమైనా తీసుకుందాం."

మేనేజరు తెరమీద రంగులు పైనుంచి కిందికి చూశాడు. "కస్టమర్ నుంచి ఒక్క కంప్లయింటైనా వచ్చిందా?"

"మా పిన్ని అరుస్తోంది కాబట్టి రాలేదు సార్."

"అంటే సమస్య లేనట్టేగా."

"శుక్రవారం తర్వాత ఆవిడ ఉండదు సార్."

"అప్పుడు కంప్లయింట్ వస్తుంది. వచ్చాక చూద్దాం. పద్ధతి అంటూ ఒకటుందిగా."

ఆ సాయంత్రం టెస్టరు పిన్ని ఇంటికెళ్లి, చెప్పలేక చెప్పలేక చెప్పింది. "పిన్నీ, రేపొక్కరోజు అరవకు. ఎవరో ఒకరు గొడవ చేస్తారు, పని అయిపోతుంది."

పిన్ని మడతపెడుతున్న చీర పక్కన పడేసింది. "బుద్ధుందటే నీకు? కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్న మనిషిని చూస్తూ నేను నోరు మూసుకోవాలా? చదివిన చదువంతా ఇందుకా?"

పిన్ని చీర మళ్లీ అందుకుని, సగం మడతలో ఆగింది. "ఒసేయ్, వందో చీటీ ఎవరికి పడాలో రాసిపెట్టి ఉందా ఏంటి?"

గురువారం పిన్ని సగం పూట సెలవు పెట్టింది. కౌంటర్ పక్కావిడకి అప్పజెప్పి, "ఈపూట నువ్వు అరిచావో, నీతో నాకు మాటల్లేవు" అని గట్టిగా చెప్పింది. తొంభై తొమ్మిదో చీటీ తెగేదాకా కాచుకుని, వందోది తానే తీసుకుని బెంచీ మీద దర్జాగా కూర్చుంది. తెర తొంభై తొమ్మిది చూపించింది. నూటొకటి చూపించింది. పిన్ని ఇంకో గంట కూర్చుని, ఫోన్ తీసి ఆసుపత్రి ఫిర్యాదు పేజీలో రాసింది: "బీపీ చూపించుకుందామని వచ్చాను. నన్నెవరూ పిలవలేదు. ఇప్పుడు నిజంగానే బీపీ పెరిగింది."

ఆ ఫిర్యాదు ఆసుపత్రి నుంచి ఆఫీసుకి చేరి, కొత్త నంబరుతో, ఎర్రరంగుతో బోర్డెక్కింది. మేనేజరు పరుగున వచ్చాడు. ప్రోగ్రామరు ఒక్క లైను మార్చాడు. ఫిర్యాదు అందిన నలభై నిమిషాల్లో టికెట్ మూతపడింది.

"మన టీమ్ చరిత్రలోనే ఇది రికార్డు!" అని మేనేజరు చప్పట్లు కొట్టించి, ప్రోగ్రామరుకి కప్పు బహూకరించాడు. ప్రోగ్రామరు ఆ కప్పును టెస్టరు బల్లమీద పెట్టబోయాడు. "నాకొద్దన్నా, నాది రెండేళ్ల రికార్డు" అంది.

శుక్రవారం పదకొండు దాటాక పిన్ని అలవాటు కొద్దీ మెడ సాచింది. "వందో నంబరె..."

"కనబడుతోందిలేమ్మా, అంత పెద్దక్షరాలతో! ఎందుకలా అరుస్తావ్?" అని విసుక్కుంటూ ఒక ముసలాయన చీటీ పట్టుకుని లోపలికెళ్లాడు. రెండేళ్ల చాకిరీకి పిన్నికి దక్కిన వీడ్కోలు అదే. ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది.

మరుసటి నెల రెండువందల పన్నెండు కింద కొత్త వ్యాఖ్య పడింది: 'తప్పు అలాగే ఉంది.' పాత టికెట్ సంగతి అందరూ మరిచారు, ప్రోగ్రాం మాత్రం మరవలేదు.

"అన్నా, ఇక దాన్ని ఆపెయ్యి" అంది టెస్టరు.

"టికెట్ ఎక్కించమ్మా."

ఎక్కించింది. ముప్పయ్యో రోజున చీపురొచ్చి ఆ కొత్త టికెట్‌ని ఊడ్చేసింది.