అలలు తడిపే చోట

మా ద్వీపంలో గడ్డి మొలిచిన ప్రతి జానెడూ దొరదే. అలలు తడిపే ఇసుక మాత్రం దేశాన్నేలే రాణిగారిది, దానిమీద దొర మాట చెల్లదు. అందుకే ఆదివారం ఆరాధన మేం అక్కడే చేసుకునేవాళ్లం. దొర చెప్పిందే గుడిలో బోధించాలని హుకుం వచ్చింది. మా పాస్టరు టార్కిల్ అయ్యగారు తాళంచెవులు గుమ్మంలో పారేసి బయటికొచ్చారు. వెనకే మేమూ వచ్చేశాం.

గుడితోపాటు ఆయన ఇల్లూ పోయింది. బోర్లించిన పడవ కింద, పైన మట్టిపెళ్లలు కప్పి, ఆయనా భార్య ఊనా కాపురం పెట్టారు. ఆ చెమ్మకి ఊనాకి దగ్గు పట్టుకుంది.

అయ్యగారు కవి కూడా. మనుషుల్ని తరిమేసి వాళ్ల పొలాల్లో గొర్రెల్ని మేపే దొర మీద, దొర దివాను గిల్మర్ మీద పాట కట్టారు. నేత చిక్కబడాలని మేం ఆడవాళ్లం తడి ఉన్నిగుడ్డని బల్లమీద బాదుతూ ఆ పాటే పాడేవాళ్లం. గిల్మర్‌ని తలుచుకుని బాదితే గుడ్డ భలే చిక్కబడేది.

అది వాడి చెవిన పడింది. శనివారం గుర్రమేసుకుని పడవ దగ్గరికి వచ్చాడు.

"రేపు జనం ముందు ఆ పాట అబద్ధమని ఒప్పుకో. గుడికీ ఇంటికీ చోటిస్తా. నీ పెళ్లాం వెచ్చగా పొయ్యి పక్కన పడుకుంటుంది. లేదా, ఇసకలోనే చావండి."

ఊనాకి గంజి తెచ్చి నేనూ అక్కడే ఉన్నాను. నా ఒళ్లు మండిపోయింది. అయ్యగారు మాత్రం దగ్గుతున్న ఊనానే చూస్తూ కూర్చున్నారు.

"ఏంటయ్యగారూ, ఒప్పేసుకుంటారా ఏంటి?" అన్నాను.

"నీకేం ఎఫీ, నీ ఇంటికి కప్పుంది," అన్నారు.

నిజమే. అయినా నా కోపం చల్లారలేదు.

మర్నాడు ఊనాని దుప్పటిలో చుట్టి మోసుకొచ్చాం. గిల్మర్ గట్టుమీద, గడ్డి అంచున కాపు కాశాడు. ఆరాధన సాగుతుండగా ఆ గడ్డిమీద ఎవరు కాలు పెట్టినా వాళ్ల ఇల్లు పోయినట్టే. సముద్రం పోటు మీదుంది.

మా దగ్గర కీర్తన ఒకరు ఎత్తుకుంటే అందరం అందుకుంటాం. అయ్యగారు ఎత్తుకున్నారు. కీర్తన కాదు.

"గొర్రెకేమో మేత, మనిషికేమో వాత..."

ఆదివారం మేం ఈల కూడా వెయ్యం. ఆ రోజు కీర్తన కాని లోకం పాట పాడితే పాపం. ఒక్కరూ అందుకోలేదు. ఊళ్లో అందరికంటే నోరున్న నేనే తల దించుకున్నాను. నామీద నాకే అసహ్యమేసింది.

గిల్మర్ పళ్లికిలించాడు. "చూశావా పాస్టరూ, నీ మందే నీ వెంట లేదు!"

అప్పుడు దుప్పటిలోంచి దగ్గు వినిపించింది. దాని వెనకే ఊనా గొంతు.

"గొర్రెకేమో మేత, మనిషికేమో వాత..."

ఏ పొయ్యి ఆశచూపి గిల్మర్ అయ్యగారి తల వంచాలనుకున్నాడో, ఆ పొయ్యిని ఆవిడే కాదనుకుంది. ఇక ఆగుతామా! అందరం అందుకున్నాం. మగవాళ్లు ఊనాని భుజాలమీదికి ఎత్తుకున్నారు. నీళ్లు మోకాళ్లు దాటాయి. చివరి చరణం అయ్యేదాకా ఎవరూ గడ్డివైపు అడుగు వెయ్యలేదు.

ఊనా మళ్లీ వేసవి చూడలేదు. ఆ పడవ కిందే పోయింది.

నిరుడు కొత్త దొర వచ్చి, గిల్మర్ నిలబడ్డ ఆ గట్టుమీదే గుడికి చోటిచ్చాడు. ఎంత దయగల దొరో అని ఊరంతా పొగుడుతోంది. ఆ మాట నా ముందు అనమనండి చూద్దాం.